సవరణ: మండువా ఇంట్లో వెలుతురు ఎంత?

గోదావరి జిల్లాల మండువా లోగిళ్ల (నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ వసారాలు, గదులు ఉండే పాత ఇళ్లు) మీద రాసిన గత టపాలో ‘పగలు దీపంతో పనే లేదు’ అన్న వాక్యాన్ని ‘మండువా చుట్టూ ఉన్న వసారాల్లో పగలు దీపంతో పనిలేదు’ అని చదువుకోగలరు. వెనక గదుల సంగతి వేరు. గడప దాటి నాలుగడుగులు వేస్తే చాలు, వెలుతురు గబగబా తగ్గిపోతుంది. పొగచూరిన వంటింట్లోనైతే మిట్టమధ్యాహ్నమూ తడుములాటే. పెంకుల మధ్య ఒక గాజు పెంకు పెట్టించుకున్నది ఇందుకే.

అదే టపాలో ‘వసారాలో ఎండ పడదు’ అన్నది వేసవికే వర్తించే మాట. ఆ ప్రాంతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎండ మండువాలోనే నిలువుగా దిగుతుంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మండువా వెడల్పుగా ఉంటే ఉత్తరపు వసారాలోకి ఏటవాలు ఎండ వస్తుంది. చలికాలంలో అది వరమే అనుకోండి.

ఇక వసారాలో కంటికి హాయి అని ఆ టపాలో అన్నది వెలుతురు ఎక్కువై వచ్చింది కాదు. కిందికి దిగిన చూరు ఆకాశం నుంచి నేరుగా వచ్చే మిరుమిట్లను అడ్డుకుంటుంది. నేల మీద, సున్నపు గోడల మీద పడి తిరిగివచ్చిన వెలుతురే మనకు అందుతుంది. బియ్యంలో రాళ్లు ఏరేవారు చేటతో వసారా అంచున, వెలుతురు పక్కవాటుగా పడేలా కూర్చుంటారు. అలాగైతే ప్రతి రాయికీ చిన్న నీడ కనబడుతుంది. గోడలకు ముదురు రంగులు వేయించిన ఇళ్లకు మాత్రం ఇదంతా అంతగా వర్తించదు.