సర్జన్ దగ్గరికెళ్తే కోతేనా? ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశానికి జవాబు

ఫోన్లలో ఒక సందేశం మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: జనరల్ సర్జన్ గడప తొక్కితే కత్తి తప్పదు. గాల్‌బ్లాడర్ (కాలేయం కింద పైత్యరసం నిలవుండే సంచి) రాళ్ళు ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే ఒక్క రాత్రిలో పడిపోతాయి. హెర్నియాకు బెల్టు చాలు. అపెండిక్స్ నొప్పి యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది. మొలలను కోత లేకుండా లేజర్‌తో తీసేస్తారు. గడ్డకు సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది. చివర్లో షరా మామూలే, పదిమందికి పంపమని.

మొత్తం పచ్చి అబద్ధమైతే జవాబు రాయడం తేలిక. ఇందులో అక్కడక్కడా నిజాలున్నాయి, చిక్కంతా దాంతోనే. ఏ సర్జనైనా ఒప్పుకునే మాటలు కొన్ని ఉన్నాయి. కాకపోతే అవి ఎవరికి వర్తిస్తాయో చెప్పే ముక్కను కోసేసి పంపారు. సర్జన్ పని చేసేవాడిగా ఒక్కొక్కటీ చూస్తాను.

"సర్జన్ దగ్గరికెళ్తే కోసేస్తారు"

జనరల్ సర్జరీ ఓపీలో ఒక పూట కూర్చుంటే ఈ మాట నిలవదు. వీపు మీద మెత్తటి కొవ్వుగడ్డతో వస్తారు. వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంది, నొప్పి లేదు, పెరగలేదు అంటే దాన్ని అలాగే వదిలేయమంటాం. మరేదో కారణానికి మెడ స్కానింగ్ తీయించుకుంటే థైరాయిడ్‌లో గడ్డ కనబడిందని హడలిపోయి వస్తారు. అలాంటి గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కానివే. చాలా చిన్నవాటికి సూది పరీక్ష కూడా అక్కర్లేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాన్ చేస్తే సరిపోతుంది. మలద్వారం దగ్గర కొత్తగా పడిన చీలికలు ఎక్కువ శాతం పీచు పదార్థం, నీళ్ళు, గోరువెచ్చని నీళ్ళ టబ్బు, పైపూత మందుతో కొన్ని వారాల్లో మానతాయి.

ఆలస్యం చేయకుండా కోయాల్సింది చీముగడ్డను. చీము గూడు కట్టాక యాంటీబయాటిక్ దాని లోపలికి సరిగా చేరదు, దారి చేసి బయటికి వదలాల్సిందే. వింతేమిటంటే, సరిగ్గా అక్కడే జనం "ముందు మాత్రలు వాడి చూద్దాం సార్" అంటారు. షుగర్ ఉన్నవాళ్ళ పాదంలో అలా చూస్తూ కూర్చుంటే, వేలితో పోయేది పాదం దాకా వస్తుంది.

అనవసరంగా కోసే సర్జన్లు లేరా అంటే, ఉన్నారు. దానికి విరుగుడు ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోవడం. నిమ్మరసం ఆ పని చేయదు.

"ఆలివ్ నూనెతో రాళ్ళు పడిపోతాయి"

ఈ చికిత్స చేసుకున్నవాళ్ళు సాక్ష్యాన్ని డబ్బాలో పెట్టి మరీ తెస్తారు. ఆకుపచ్చటి ఉండలు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా అణిగిపోతాయి, కాస్త జిడ్డు అంటుతుంది. ఆపరేషన్‌లో తీసిన గాల్‌బ్లాడర్‌ను కోసి చూపిస్తే తేడా తెలుస్తుంది. లోపలి రాళ్ళు లేతపసుపు, గోధుమ, నలుపు రంగుల్లో ఉంటాయి. పక్కపక్కనే ఒరుసుకుని కొన్నింటికి పలకలు తేలి ఉంటాయి. ట్రేలో వేస్తే చప్పుడు చేస్తాయి.

మరి ఆ పచ్చటి ఉండలేమిటి? 2005లో న్యూజిలాండ్ వైద్యులు ఒక రోగి తెచ్చిన ఉండలను ల్యాబ్‌లో పరీక్షించి 'లాన్సెట్' పత్రికలో రాశారు. అసలు రాళ్ళలో ఉండే కొలెస్ట్రాల్ వాటిలో లేదు, బిలిరుబిన్ అనే పైత్యపు రంగు పదార్థం లేదు, కాల్షియం లేదు. ముప్పావు వంతు కొవ్వు ఆమ్లాలే. 40 డిగ్రీల వేడిలో పది నిమిషాలకు పచ్చటి జిడ్డు ద్రవంగా కరిగిపోయాయి. తాగిన నూనె పేగులో జీర్ణరసాలకు విడిపోయి, నిమ్మరసంలోని పొటాషియంతో కలిసి సబ్బు ఉండలైంది. పడిపోయింది తాగిన నూనే. పైగా అంత నూనె ఒకేసారి లోపలికి పోతే గాల్‌బ్లాడర్ గట్టిగా ముడుచుకుంటుంది. ఆ తోపుడుకు చిన్న రాయి జారి పైత్యనాళంలో (పైత్యరసం పేగుకు పోయే గొట్టంలో) ఇరుక్కుంటే పచ్చకామెర్లు వస్తాయి, క్లోమం (పాంక్రియాస్) వాచే ప్రమాదమూ ఉంది. ఆ వాపు కొందరిలో ప్రాణం మీదికి తెస్తుంది.

ఇందులో నిజమెంత? రాళ్ళున్న ప్రతివాళ్ళకూ ఆపరేషన్ అక్కర్లేదన్నది నిజం. వేరే పనికి తీసిన స్కానింగ్‌లో రాళ్ళు కనబడి, నొప్పే లేనివాళ్ళు ఎక్కువమంది. వాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికి మాత్రమే నొప్పి మొదలవుతుంది కాబట్టి సాధారణంగా వాళ్ళ జోలికి పోము. కరిగించే మందు ఉందన్నదీ నిజమే, దాని పేరు ఉర్సోడీఆక్సీకోలిక్ ఆసిడ్. రాళ్ళు చిన్నవై, కాల్షియం లేనివై, గాల్‌బ్లాడర్ బాగా పనిచేస్తూ ఉంటేనే అది పనికొస్తుంది. నెలల తరబడి వాడాలి. కరిగినా, మానేసిన అయిదేళ్ళలో దాదాపు సగంమందికి మళ్ళీ తయారవుతాయి.

"కిడ్నీ రాళ్ళను బయటినుంచే పేలుస్తారు కదా, వీటినెందుకు పేల్చరు?" అని అడగనివాళ్ళు అరుదు. కిడ్నీలో పగిలిన ముక్కలు మూత్రంతో బయటికి పోతాయి. గాల్‌బ్లాడర్ ముక్కలు పోవాల్సింది సన్నటి పైత్యనాళంలోంచి, అదే వాటిని పోనివ్వకూడని చోటు. 1980లలో ఆ పద్ధతి ప్రయత్నించారు కూడా, రాళ్ళు మళ్ళీ పుట్టుకొస్తుండటంతో వెనకబడిపోయింది. రాళ్ళను ఏరి సంచిని ఉంచితే ఆ సంచే మళ్ళీ రాళ్ళు చేస్తుంది. అందుకే 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ సంచినే తీసేశాడు. నూరేళ్ళు దాటాక, 1985లో, జర్మనీలోనే ఎరిక్ మ్యూయె అదే పని చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చేశాడు.

అసలు రాళ్ళ నొప్పి ఎలా ఉంటుంది? పైపొట్టలో నడిమికో కుడివైపుకో పట్టేసి, వీపుకో కుడి భుజానికో పాకి, అరగంట నుంచి కొన్ని గంటలు ఉండి వదులుతుంది. అలాంటి నొప్పి తిరగబెడుతుంటే ఆపరేషన్ మాట వినాలి. ఉత్త గ్యాస్, త్రేన్పులే అయితే గాల్‌బ్లాడర్ తీసినా అవి పోకపోవచ్చు. పైత్యనాళానికి గాయమయ్యే ప్రమాదం కూడా ఈ ఆపరేషన్‌లో ఉంది, వెయ్యిలో కొద్దిమందికే అయినా చిన్న విషయం కాదు. ఈ రెండూ మీ సర్జన్ ముందే చెప్పకపోతే మీరే అడగండి.

"హెర్నియాకు బెల్టు చాలు"

గజ్జల్లో హెర్నియా పొద్దున పక్క మీద ఉన్నంతసేపూ కనబడదు. లేచి నిలబడి దగ్గితే ఉబ్బుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. పొట్ట గోడలో పలచబడ్డ చోటునుంచి లోపలి కొవ్వో పేగో తోసుకురావడమే హెర్నియా. చిరుగు పడిన సంచికి చెయ్యి అడ్డం పెట్టినట్టు బెల్టు ఆ ఉబ్బును ఆపుతుంది, తీసేస్తే మళ్ళీ మొదటికే. పెద్దవాళ్ళలో ఆ కన్నం తనంతట తాను మూసుకోదు. చాలామంది ఉబ్బును లోపలికి పంపకుండానే పైనుంచి బెల్టు బిగిస్తారు. అప్పుడు బెల్టు నొక్కేది పేగునే. కొన్నేళ్ళు వాడినవాళ్ళ చర్మం అక్కడ నల్లబడి ఒరిసిపోయి ఉంటుంది.

అయితే హెర్నియా కనబడగానే వారంలోపు ఆపరేషన్ అనే తొందరా తప్పే. 2006లో అమెరికాలో 720 మంది మగవాళ్ళ మీద జరిపిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. వాళ్ళందరికీ హెర్నియా ఉంది, ఇబ్బంది మాత్రం దాదాపు లేదు. కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరిని ఊరికే గమనిస్తూ ఉన్నారు. గమనించినవాళ్ళలో హెర్నియా ఇరుక్కుని అత్యవసరమైన సందర్భాలు ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరికన్నా తక్కువ. అంటే ఆగవచ్చు. కానీ రెండేళ్ళలో వాళ్ళలో దాదాపు నాలుగోవంతు, పదేళ్ళలో మూడింట రెండు వంతులు, ఎక్కువగా నొప్పి వల్ల, ఆపరేషన్‌కే వచ్చారు. ఇబ్బంది లేని మగవాళ్ళకు ఆగడం న్యాయమైన దారే, అందరూ చివరిదాకా ఆగలేరు.

సందేశం చెప్పని సంగతి ఒకటుంది. తొడ మొదట్లో, గజ్జ మడతకు కాస్త కింద వచ్చే ఫెమోరల్ హెర్నియా ఆడవాళ్ళలో ఎక్కువ. దాని మెడ ఇరుకు, పేగు బిగుసుకునే ప్రమాదం చాలా ఎక్కువ, దానికి ఆగడం లేదు. పసిపిల్లల బొడ్డు హెర్నియాది తిరకాసు వ్యవహారం: అది ఎక్కువగా నాలుగైదేళ్ళకు తానే మూసుకుంటుంది, అదే పిల్లవాడి గజ్జ హెర్నియా మూసుకోదు, త్వరగా చేయించాలి. ఏ హెర్నియా అయినా ఉబ్బు గట్టిపడి, లోపలికి పోక, నొప్పితో వాంతులు మొదలైతే అదే పూట ఆస్పత్రిలో ఉండాలి.

"అపెండిక్స్‌కు యాంటీబయాటిక్స్ చాలు"

ఈ ముక్కలో నిజం పాలు మిగతావాటికన్నా ఎక్కువ. అపెండిక్స్ నొప్పిని ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అని, ఆ గంటల్లో కోయకపోతే ప్రాణం పోతుందని పెద్దవాళ్ళు భయపడేవారు. ఇప్పుడు పగలని, చీము కట్టని అపెండిక్స్‌కు యాంటీబయాటిక్స్ ఒక గుర్తింపు పొందిన దారి. అమెరికాలో 1552 మంది మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మందులు వాడినవాళ్ళలో పదిమందిలో ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ అవసరమైంది. అపెండిక్స్‌లో గట్టిపడిన మలపు రాయి ఉన్నవాళ్ళలో పదికి నలుగురికి. ఫిన్లాండ్‌లో అయిదేళ్ళు గమనిస్తే పదిమందిలో నలుగురికి జబ్బు తిరగబెట్టింది.

పగలలేదని తేల్చేది స్కానింగ్, తేల్చేచోటు ఆస్పత్రి. ఇంట్లో మిగిలిన మాత్రల స్ట్రిప్పుకు ఈ అధ్యయనాలు వర్తించవు. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పికి విరేచనాల మందు అసలే వద్దు, వాచిన అపెండిక్స్ పగలడానికి అది తోడ్పడుతుంది.

"మొలలకు కోత లేని లేజర్"

లేజర్ కూడా ప్రొసీజరే, మత్తు దానికీ కావాలి. బయటికి వచ్చేసి లోపలికి పోని పెద్ద మొలలకు అది సరిపోదు. తొలిదశ మొలల్లో ఎక్కువవాటికి అసలు ఏదీ అక్కర్లేదు: పీచు, నీళ్ళు, ముక్కడం మానేయడం, టాయిలెట్‌లో ఫోను పట్టుకుని కూర్చోకపోవడం. ఇంకా రక్తం పడుతుంటే ఓపీలోనే రబ్బరు బ్యాండు వేయొచ్చు. గాల్‌బ్లాడర్‌నూ హెర్నియానూ లేజర్‌తో చేస్తామనే ప్రకటనల వెనక మామూలుగా ఉండేది ల్యాపరోస్కోపీ, అంటే కెమెరాతో చేసే ఆపరేషన్. అందులో పొట్ట మీద రంధ్రాలూ కుట్లూ ఉంటాయి.

మలంలో రక్తం కనబడితే మొలలే అని మీరే తేల్చుకోవద్దు. పేగు క్యాన్సర్‌లోనూ రక్తమే పడుతుంది. మలవిసర్జన అలవాటు మారినా, బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, వయసు నలభై అయిదు దాటినా పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ సంగతి మాట్లాడాలి.

"సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది"

మొత్తం సందేశంలో నాకు కోపం తెప్పించే వాక్యం ఇదే. ఇలా నమ్మి రొమ్ములో గడ్డను నెలల తరబడి దాచుకునేవాళ్ళున్నారు. నమ్మకం ఎక్కడిదో ఊహించవచ్చు. జబ్బు ముదిరాక ఆస్పత్రికి వచ్చి, పరీక్ష చేయించుకుని, కొన్నాళ్ళకు పోయినవాళ్ళను చూసి, సూది వల్లే పోయారని అనుకున్నారు.

రొమ్ము గడ్డలు ఎక్కువగా క్యాన్సర్ కానివే. ఏది కాదో తెలియాలంటే చేత్తో పరీక్ష, మామోగ్రామో స్కానింగో, అవసరమైతే సూదితో ముక్క పరీక్ష, ఈ మూడూ కలవాలి. సూది దారిలో కొన్ని కణాలు చిక్కుకోవడం అప్పుడప్పుడూ కనబడింది. దానివల్ల రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షు తగ్గినట్టు తేలలేదు. ముక్క పరీక్ష లేకపోతే గడ్డ కణాల్లో హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు ఉన్నాయో లేదో, హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందో లేదో తెలియదు. ఏ మందు ఇవ్వాలో, కీమో ముందా ఆపరేషన్ ముందా అన్నది వాటి మీదే తేలుతుంది.

సూది పెట్టకూడని చోట్లు ఉన్నాయి, అవి సర్జన్లకు తెలుసు. వృషణంలో గట్టి గడ్డ క్యాన్సర్‌లా కనబడితే తిత్తిలోంచి సూది పెట్టరు, గజ్జ దారిన వృషణాన్నే తీసి పరీక్షకు పంపుతారు. సిరోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో కొన్ని గడ్డలను సీటీ, ఎంఆర్‌ఐ తీరుతోనే నిర్ధారిస్తారు. రొమ్ము గడ్డ, థైరాయిడ్ గడ్డ ఆ జాబితాలో లేవు.