ఐరిస్ అల్లం కాదండీ, అంత లోతున పాతకండి

పొద్దున్నే వాట్సాప్‌లో తెలిసినావిడ నుంచి మెసేజ్. "నువ్విచ్చిన ఐరిస్ మూడేళ్లయినా ఒక్క పువ్వు పూయలేదు. మంచివి నీ దగ్గర ఉంచుకుని మాకు పనికిరానివి ఇచ్చావా?" చదవగానే ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఉండేది రెండు వీధుల అవతలే. వెళ్లి తవ్వి చూశాను.

నాలుగంగుళాల లోతున పాతారు! పైన చెక్కపొట్టు మల్చ్ మరో మూడంగుళాలు. రోజూ స్ప్రింక్లర్ నీళ్లు. దుంప మీద వేలు పెడితే మగ్గిన అరటిపండులా లోపలికి దిగిపోయింది. ఆ కంపు మూడుసార్లు సబ్బుతో కడిగినా చేతిని వదల్లేదు.

చూడ్డానికి పసుపు కొమ్ములా ఉందని పసుపులాగే పాతేస్తే ఎలాగండీ? గడ్డం ఐరిస్ (పువ్వు కింది రేకు మీద గడ్డంలా నూగు ఉండే రకం) దుంప వీపుకి ఎండ తగలాలి. మట్టిని చిన్న దిమ్మలా చేసి, దాని మీద దుంపని కూర్చోబెట్టి, వేళ్లని రెండు పక్కలా కిందకి పరిచి మట్టి కప్పాలి. వీపు పైకి కనిపిస్తూనే ఉండాలి. రోజుకి ఆరు గంటలైనా ఎండ, నీళ్లు నిలవని నేల ఉంటే చాలు. లాన్‌కి చల్లే ఎరువు దీనికీ చల్లితే ఆకులే ఏపుగా పెరుగుతాయి, దుంప మెత్తబడి కుళ్లుతుంది. ఇవన్నీ ఇచ్చిన రోజే చెప్పాను. "మాకు తెలుసులే, మాది వ్యవసాయ కుటుంబం" అన్నారు.

మనం ఉంటున్నది అమెరికాలోని టెన్నెసీలో. 1933 నుంచి ఐరిస్ ఈ రాష్ట్ర పుష్పం. ఎవరూ పట్టించుకోని పాత ఇళ్ల ముందు కూడా ఏప్రిల్ చివర్లో ఊదారంగులో విరగబూస్తుంది. కింది రేకు మీద ఆ పసుపుపచ్చ నూగు గడ్డాన్ని వేలితో తాకి చూస్తే, దీన్ని ఇలా చంపడానికి చేతులెలా వచ్చాయా అనిపిస్తుంది.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. రెండేళ్లు కుండీలో పసిపిల్లలా పెంచిన కరివేపాకు మొక్కని ఈవిడకే ఇచ్చాను. చలికాలంలో రాత్రిపూట లోపల పెట్టమని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నవంబర్‌లో మంచు కురిసిన రాత్రి డెక్ మీదే వదిలేశారు. తెల్లారేసరికి ఆకులన్నీ నల్లబడ్డాయి. వారం తిరక్కుండా "ఇంకోటి ఉందా?" అని ఫోన్. అయ్యో అన్న మాట కూడా లేదు. మొక్క ఇచ్చేవాళ్ల కష్టం మీకు కనిపించదా?

ఇవాళ ఆ కుళ్లులో గట్టిగా ఉన్న ముక్క ఒక్కటే దొరికింది. చెడిన భాగమంతా కోసేసి, ఆకుల్ని ఆరంగుళాలకి కత్తిరించి, వరండాలో నీడన ఆరబెట్టాను. ఇది జులై, నాటడానికి సరైన సమయమే. ఈ ముక్క మాత్రం నా పెరట్లోనే ఉంటుంది.