సీటు కనపడకముందే పాయింట్లు మార్చేస్తున్నారు, ఎవరు చెప్పారండీ మీకు?

పొద్దున్నే మళ్లీ అదే గోల. ఓ బ్యాంకు నుంచి మెసేజ్: ఈ నెలాఖరులోగా కార్డు పాయింట్లని ఫలానా ఎయిర్‌లైన్ మైళ్లుగా మార్చుకుంటే 25 శాతం అదనం. మధ్యాహ్నానికల్లా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వరసగా "డన్", "డన్". ఒకాయనైతే ఉన్న రెండు లక్షల పాయింట్లూ ఊడ్చిపెట్టి, ఆ తర్వాత అడుగుతున్నాడు, "మే నెలలో అమ్మానాన్నలని చికాగో పంపాలి, బిజినెస్ క్లాసులో సీట్లు ఉంటాయా అండీ?" అని. ముహూర్తం పెట్టుకోకముందే ఫంక్షన్ హాలుకి పూర్తి డబ్బు కట్టేసినట్టుంది. ఆయన మీద కోపం లేదు. అలా తొందరపెట్టే మెసేజీల మీద, వాటిని "మంచి ఆఫర్" అంటూ ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు పీకల్దాకా ఉంది.

బ్యాంకు దగ్గర ఉన్నంతసేపూ ఆ పాయింటుకి పది దారులు. మైలుగా మారిందంటే ఒక్కటే దారి. వెనక్కి రాదు, కస్టమర్ కేర్‌ని బతిమాలినా రాదు. గడువు గడియారం కూడా ఆ క్షణం నుంచే మొదలవుతుంది: సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైళ్ల ప్రోగ్రామ్ క్రిస్‌ఫ్లయర్‌లో మూడేళ్లు, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం వాళ్ల ఫ్లయింగ్ బ్లూలో ఖాతా కదలకుండా ఉంటే రెండేళ్లు. ఈలోగా వాళ్లు రేట్లు పెంచితే మీరు చేసేదేమీ లేదు.

ఆ 25 శాతం లెక్క కూడా ఎవరూ వెయ్యరు. ఒకే సీటుకి బోనస్ ఇచ్చే ప్రోగ్రామ్ 1,20,000 మైళ్లు అడుగుతోంది, ఇంకో ప్రోగ్రామ్ 87,000 అడుగుతోంది అనుకోండి. బోనస్ కలిపినా మొదటిదానికి మీ జేబులోంచి 96,000 పాయింట్లు పోతాయి. బోనస్ లేనిచోటే 9,000 మిగిలేవి. మార్పిడి రేటు రెండిట్లో ఒకేలా ఉంటేనే ఈ లెక్క. కొన్ని కార్డుల్లో ఒక ఎయిర్‌లైన్‌కి పాయింటుకి ఒక మైలు, పక్క ఎయిర్‌లైన్‌కి రెండు పాయింట్లకి ఒక మైలు. అది చూడకుండా "ఎంత బోనస్" అని అడగడం దేనికి?

ముందు సీటు వెతకాలి. అదే సీటు ఏ ప్రోగ్రామ్‌లో ఎన్ని మైళ్లో, పైన ఎంత డబ్బో చూడాలి. ఆ ప్రోగ్రామ్‌కి మీ బ్యాంకు నుంచి పాయింట్లు ఎన్నాళ్లలో చేరతాయో తెలుసుకోవాలి. కొన్ని నిమిషాల్లో పడతాయి, కొన్నిటికి రోజులు పడుతుంది. అవార్డు సీటుని, అంటే మైళ్లతో కొనే సీటుని, ఫోన్ మీద రెండు మూడు రోజులు పట్టి ఉంచే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి, అడిగి చూడండి. ఇవన్నీ అయ్యాకే ట్రాన్స్‌ఫర్ బటన్, అదీ కావలసినన్ని మాత్రమే.

పార్ట్‌నర్ అంటే ఏంటో ఇప్పటికీ చాలామందికి ఎక్కలేదు. ఒకరి మైళ్లతో ఇంకొకరి విమానంలో సీటు కొననిచ్చే ఎయిర్‌లైన్లే పార్ట్‌నర్లు. ఎయిర్ కెనడా శంషాబాద్‌లో దిగదు. అయినా హైదరాబాదు వాళ్లకి బాగా పనికొచ్చే పాయింట్లలో వాళ్ల ఏరోప్లాన్ ఒకటి, ఎందుకంటే వాటితో శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే లుఫ్తాన్సాలో సీటు కొనొచ్చు, బ్యాంకాక్ వెళ్లే థాయ్‌లో కొనొచ్చు, ఎయిర్ ఇండియాలో కొనొచ్చు. అందరూ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమి వాళ్లే. ఏరోప్లాన్‌లో చాలామంది పార్ట్‌నర్లకి దూరాన్ని బట్టి ఎన్ని మైళ్లో అచ్చేసిన చార్టు ఉంటుంది. 2025లో యునైటెడ్, ఎతిహాద్, ఎమిరేట్స్ లాంటి కొందరిని ఆ చార్టులోంచి తీసి రోజుకో ధర పెట్టారు. అందుకే పాత వీడియోల్లో చెప్పిన అంకెలు పట్టుకుని దెబ్బలాడకండి.

ఇంకో మాట. ఎయిర్‌లైన్ సొంత సైటులో కనపడే అవార్డు సీట్లన్నీ పార్ట్‌నర్లకి ఇవ్వరు, కొన్నే విడిచిపెడతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణం బిజినెస్, ఫస్ట్ క్లాసు సీట్లని దాదాపుగా తమ క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే దాచుకుంటుంది. వాటి కోసం వేరే ప్రోగ్రామ్‌లో మైళ్లు కూడబెట్టడం శుద్ధ దండగ.

దొంగ సీట్ల సంగతి కూడా వినండి. సైటులో సీటు కనపడుతుంది, పేర్లు కొడతారు, ఆఖర్న ఎర్రర్. పార్ట్‌నర్ సైటు పాత సమాచారాన్ని దాచిపెట్టుకుని చూపిస్తుంటే ఇలా అవుతుంది. స్టార్ అలయన్స్ సీటైతే ఏరోప్లాన్‌లోనూ, యునైటెడ్ సైటులోనూ రెండుచోట్లా వెతకండి, ఖాతాలు ఉచితం. రెండిట్లో ఒకే విమానం, ఒకే క్లాసు కనపడితే చాలావరకు నిజం. అప్పటికీ అనుమానముంటే ప్రోగ్రామ్‌కి ఫోన్ చేసి, ఫలానా తేదీ, ఫలానా విమానంలో బిజినెస్‌కి "ఐ" క్లాసు, ఎకానమీకి "ఎక్స్" క్లాసు (పార్ట్‌నర్ అవార్డు సీట్లకి వాడే కోడ్ అక్షరాలివి) ఎన్ని ఉన్నాయో అడగండి. పాయింట్లు కదపకముందే చెయ్యాల్సిన ఫోను ఇది. మార్చేసి, సీటు దొంగదని తేలాక ఏడవడం నేను చూడలేకపోతున్నాను.

పైన కట్టే డబ్బు అసలు కథ. "టాక్సులే కదా" అంటారు. వాటిలో ప్రభుత్వం తీసుకునేది కొంత, మిగతాది ఎయిర్‌లైన్ తనకోసం వేసుకునే సర్‌చార్జి. వివరాల్లో వైక్యూ, వైఆర్ అని ఉంటుంది చూడండి. లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో ఇది బాగా మోత. అదే లుఫ్తాన్సా సీటుని క్రిస్‌ఫ్లయర్ మైళ్లతో కొంటే ఆ సర్‌చార్జి మీ మీద పడుతుంది, ఏరోప్లాన్‌తో కొంటే పడదు, చిన్న పార్ట్‌నర్ బుకింగ్ ఫీజు కడితే సరి. ఒకే విమానం, పక్కపక్క సీట్లు, ఒకరికి వేలల్లో, ఇంకొకరికి దాని కంటే ఎన్నో రెట్లు! లండన్ మీదుగా వెళ్లేవాళ్లు అక్కడ 24 గంటలు దాటి ఆగితే, బయల్దేరేటప్పుడు బ్రిటన్ ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ కూడా తగులుకుంటుంది, పై క్లాసుల్లో ఇంకా ఎక్కువ.

విలువ కట్టే లెక్క ఒక్క నిమిషం పని. మామూలు టికెట్ ధరలోంచి మీరు పైన కట్టే డబ్బు తీసెయ్యండి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించండి. టికెట్ 2,40,000 రూపాయలు, పైన కట్టేది 18,000, మైళ్లు 90,000 అనుకుంటే మైలుకి దాదాపు రెండు రూపాయల నలభై ఏడు పైసలు. అవే పాయింట్లతో కేటలాగులో మిక్సీ, ట్రాలీ బ్యాగు తీసుకుంటున్నారే, అక్కడ చాలా కార్డుల్లో పాయింటుకి అర్ధరూపాయి కూడా గిట్టదు. ఏళ్లతరబడి స్కూలు ఫీజులు, ఇన్సూరెన్సు ప్రీమియాలు ఆ కార్డు మీద కట్టి, ఆఖరికి మిక్సీయా? కానీ నిజాయితీగా ఇంకో ముక్క కూడా చెప్పాలి. మీరు జన్మలో నాలుగు లక్షలు పెట్టి కొనని సీటుకి "నాలుగు లక్షలు ఆదా" అని రాసుకోకండి. మీరు నిజంగా ఎంత పెట్టేవారో ఆ అంకెతోనే భాగించండి.

ఇక మన పేర్లు. కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరం, పక్కన శ్రీనివాసరావు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో నిండు ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో వెంకట శ్రీనివాస రావు అని మూడు ముక్కలు. ఎయిర్‌లైన్ ఖాతా తెరిచేటప్పుడు తొందరలో ఫస్ట్ నేమ్ శ్రీనివాస్, లాస్ట్ నేమ్ రావు. ఇక బ్యాంకు పంపిన పాయింట్లు పేరు కలవక ఆగిపోతాయి, దిద్దించడానికి పాస్‌పోర్టు కాపీలు పంపాలి, రోజులు గడుస్తాయి, సీటు ఎవరో ఎగరేసుకుపోతారు. ఖాతాలన్నీ ఇవాళే తెరిచి పెట్టుకోండి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు. చాలా బ్యాంకులు కార్డుదారుడి సొంత పేరున్న ఖాతాకే పంపుతాయి కాబట్టి పాయింట్లు మీ ఖాతాలోకి వస్తాయి, టికెట్ అమ్మానాన్నలకి కొంటారు. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే అలా కొనాలంటే వాళ్లని ముందే నామినీలుగా చేర్చాలి, ఐదుగురికే చోటు. ఎవరెవరిని చేర్చాలో ఇంట్లో ఆలోచించుకోండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన పెద్దవాళ్లకి ఎన్ని లేవు! అలాంటివాళ్ల పేరు ఎలా రాయాలో కొనేముందే ఫోన్ చేసి అడగండి. పార్ట్‌నర్ టికెట్‌లో పేరు దిద్దడమంటే చాలాసార్లు రద్దు చేసి మళ్లీ రాయడమే. వదిలేసిన సీటు అవార్డు కోటాలోకి తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

అసలు నా పాత మంట వేరే ఉంది. ఈ మైళ్ల గురించి సలహాలిచ్చేవాళ్లంతా ఢిల్లీ, ముంబయి నుంచి మాట్లాడతారు. టర్కిష్ మంచిది, స్విస్ మంచిది అంటారు. ఆ రెండూ వచ్చేది ఢిల్లీకి, ముంబయికి. ప్రతి వీధి నుంచీ అమెరికాకి పిల్లల్ని పంపిన ఊరు మనది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకి నేరుగా విమానం వేస్తే అదీ నిలబడలేదు. ఇప్పటికీ "ఢిల్లీ దాకా ఓ చవక టికెట్ కొనుక్కుని వెళ్లండి, అక్కణ్ణుంచి అవార్డు" అంటారు, ఎంత తేలిగ్గా అంటారో! అరవై దాటినవాళ్లకి అదెలా ఉంటుందో తెలుసా? అమెరికా టికెట్ మీద చాలావరకు మనిషికి 23 కేజీల పెట్టెలు రెండు. దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కేజీలు. ఆవకాయ, పొడులు, చీరలతో కట్టిన పెట్టెలకి అదనపు లగేజీ చార్జీ. ఇండిగోలో వెళ్తే టెర్మినల్ 1లో దించొచ్చు, అంతర్జాతీయ విమానం టెర్మినల్ 3లో. పెట్టెలు తీసుకోవాలి, బండెక్కాలి, మళ్లీ చెక్‌ఇన్. వీల్‌చెయిర్ రెండు టికెట్ల మీదా విడివిడిగా రాయించాలి. మంచు కమ్మి మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకి పట్టదు, "రాలేదు" అని రాసుకుంటారు.

దీనికి మందు ఉంది. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. కాబట్టి హైదరాబాద్–ఢిల్లీ ముక్కని కూడా అదే అవార్డు టికెట్‌లో పెట్టించొచ్చు. జోన్‌ని (దేశాల గుంపుని) బట్టి ధర కట్టే ప్రోగ్రామ్‌లో అదనంగా మైళ్లు పడకపోవచ్చు, దూరాన్ని బట్టి కట్టేచోట కూడా పై శ్లాబు దాటకపోతే అంతే. ఒకే టికెట్ కాబట్టి పెట్టెలు ఇక్కడే వేస్తారు, కనెక్షన్ తప్పితే చూసుకునే బాధ్యత వాళ్లది. సైటులో హైదరాబాద్ నుంచి చికాగో అని కొడితే "లేవు" అంటుంది, వదిలెయ్యకండి. హైదరాబాద్–ఢిల్లీ, ఢిల్లీ–ఇస్తాంబుల్, ఇస్తాంబుల్–చికాగో అని ముక్కలుగా వెతికి, విమానం నంబర్లు కాగితం మీద రాసుకుని, ఫోన్ చేసి కలిపించండి. వెళ్లేది, వచ్చేది రెండు వన్‌వేలుగా చూడండి. చాలా ప్రోగ్రాముల్లో వన్‌వేకి సగమే, పైగా పెద్దవాళ్ల తిరుగు తేదీ ఎటూ మారుతుంది. ఏరోప్లాన్ టొరంటో మీదుగా చూపిస్తే మాత్రం ఆగండి. మన పాస్‌పోర్టు మీద కెనడా దాటి అమెరికా వెళ్లాలంటే, అమెరికా వీసా ఉన్నా సరే, కెనడా ట్రాన్సిట్ వీసా కావాలి. ఫీజు లేదు గానీ చేతికి రావడానికి సమయం పడుతుంది.

బిజినెస్ అని చూపించిన టికెట్లో ఒక్కొక్క ముక్క క్లాసూ విడిగా చూడండి. ఢిల్లీ దాకా బిజినెస్ ఇచ్చి, ఆ తర్వాత పద్నాలుగు గంటలు ఎకానమీలో కూర్చోబెట్టే మిక్స్‌డ్ క్యాబిన్‌కి పూర్తి బిజినెస్ మైళ్లు లాక్కునేవాళ్లున్నారు. కొన్నాక పీఎన్‌ఆర్ వచ్చిందని సంబరపడకండి, 13 అంకెల టికెట్ నంబరు కావాలి. ఏరోప్లాన్ ఇచ్చినదైతే 014తో, క్రిస్‌ఫ్లయర్‌దైతే 618తో మొదలవుతుంది. అది లేకపోతే సీటు పట్టారు గానీ టికెట్ రాయలేదన్నమాట, అదే రోజు ఫోన్ చెయ్యండి. విమానం నడిపేవాళ్ల పీఎన్‌ఆర్ వేరే ఉంటుంది, అడిగి తీసుకుని వాళ్ల సైటులో సీటు, భోజనం, వీల్‌చెయిర్ పెట్టించండి. తర్వాత వేళలు మారితే విమానం నడిపేవాళ్ల కౌంటర్లో "టికెట్ మాది కాదు" అంటారు. అది మార్చాల్సింది మైళ్లు తీసుకున్న ప్రోగ్రామ్ వాళ్లే, కాబట్టి వాళ్ల ఫోన్ నంబరు అమ్మానాన్నల ఫోనులోనూ వేసి పంపండి.