వేపచెట్టుకు పసుపు, నాకు చందా

మా వీధి చివరి వేపచెట్టు బెరడు మీది బూడిదరంగు మచ్చలు తెగులు కాదనీ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లనీ, అవి చెట్టు రసం పీల్చవనీ చెబితే నెల్లూరులో నా మాట వినే నాథుడు లేడు కనుక, నిన్న సాయంత్రం భూతద్దమూ, సున్నంలాంటి క్షారమైన కాస్టిక్ పొటాష్ పదిశాతం ద్రావణమున్న చుక్కల సీసా తీసుకొని ఒంటరిగానే వెళ్లాను. 1866లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త నైలాండర్ ప్రవేశపెట్టిన ఈ క్షార పరీక్షతో, అంటే చుక్క పడ్డచోట రంగు మారే తీరును బట్టి, చాలా లైకెన్ జాతులను విడదీయవచ్చు. మైదానాల్లో తరచుగా కనబడే పిక్సిన్ కోకోస్ అనే లైకెన్ అయితే పైపొర రంగు మారదు. మారదన్న ధీమాతోనే చుక్క వేశాను.

ఎర్రబడింది. మచ్చ అంచున మొదలైన ఎరుపు బెరడు పగుళ్ల వెంట నెత్తుటి చారలా జానెడు కిందికి దిగింది. నార్‌స్టిక్టిక్ ఆమ్లమున్న జాతులు ముందు పసుపుపచ్చగా, ఆపైన ఎర్రగా మారతాయి కదా, మరి ఆ పసుపు దశ ఏమైందన్న అనుమానం కలగకపోలేదు గానీ, జిల్లాలో ఎవరూ చూడని జాతి నా చేత చిక్కిందన్న సంబరంలో ఇంకో చుక్క, దాని పక్కన మరో చుక్క వేస్తూ పోయాను. వెనక్కి తిరిగేసరికి పాలప్యాకెట్లతో వెళుతున్నవారు చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఎవరో కర్పూరం వెలిగించారు. "ఏ అమ్మవారు సామీ?" అని ఒకాయన నన్నే అడిగారు. ఇది రసాయనిక చర్య అని నేను గొంతెత్తేలోగా గంట మోగింది.

చివరికి పూలమ్మే ముసలామె బెరడును గోటితో గీకి చూసి, "పసుపులో సున్నం పడితే ఎర్రబడకేం చేస్తది అబ్బయా? దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎప్పుడూ చూళ్లేదా?" అంది.

రాత్రిపూట అక్కడ మూత్రవిసర్జన చేసేవారిని భయపెట్టడానికి మా కాలనీ కార్యదర్శిగారే ఎవరికీ చెప్పకుండా చెట్టుకు పసుపు పూయించారట. పసుపురంగు వీధిదీపం వెలుగులో ఆ పసుపు ఎవరికి కనబడుతుంది? సంగతి తెలిసిన ఆ ఒక్క మనిషీ అంతసేపూ గుంపులోనే చేతులు జోడించి నిలబడ్డారు తప్ప నోరు విప్పలేదు. ఈ ఉదయం చెట్టు చుట్టూ అరుగు కట్టిస్తామని బయలుదేరి, చందా పుస్తకంలో నా పేరుకెదురుగా ఐదు వందలని ఆయనే రాసుకుపోయారు.