ఒంటరి వేటగాడి వెనక నడిచే కెమెరాకి ఒక ఉత్తరం

మహారాజశ్రీ వేట ప్రోగ్రామ్ కెమెరా గారికి,

ఉభయకుశలోపరి. అమెరికాలోని మోంటానా కొండల చలికి మీ బ్యాటరీలు చచ్చిపోకుండా కెమెరామన్ రాత్రంతా వాటిని స్లీపింగ్ బ్యాగులో పొట్టకి ఆనించుకుని పడుకుంటాడని తెలిసి సంతోషించాను. (గారు అన్నానని మురిసిపోకు, ఇక్కణ్ణుంచి నువ్వే.)

నేను చికెన్ కూడా షాపువాడి చేత కొట్టించుకుని తెచ్చుకునే మనిషిని. వేట మంచిదా చెడ్డదా అనే వాదనకి రాలేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ సరదా తీరిపోయింది. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్ చూసుకుని వేటాడి, ఆ మాంసమే ఫ్రీజర్‌లో దాచుకుని ఏడాదంతా వండుకునేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా నీతోనే, ఎందుకంటే నువ్వు అక్కడ ఉండి కూడా లేనట్టు నటిస్తావు.

ఏ ఎపిసోడ్ చూసినా అదే మొదలు. పొగమంచు, కొండ, గడ్డం పెంచిన మనిషి, వీపున సంచి, బొంగురు గొంతుతో ఒక మాట: ఇక్కడ నేనూ, ఈ అడవీ, అంతే. అంతేనా? మరి ఎదురుగా నిలబడి తీస్తున్నదెవరు? మనిషి అడుగు పడని లోయలోకి ఆయన మొదటి అడుగు వేసే షాటుని లోయ లోపలి నుంచి తీశావు కదమ్మా! వాగు దాటే సీను ఇంకా ముచ్చటగా ఉంటుంది. మోకాలి లోతు మంచునీళ్ళలో ముందు దాటేది ట్రైపాడ్ భుజాన వేసుకున్న కెమెరామనే, అవతలి ఒడ్డున వణుక్కుంటూ ఫోకస్ సరిచూసుకుంటాడు, అప్పుడు హీరో దాటి నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో మనకి వివరంగా చెబుతాడు. షాటు బాగా రాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ దాటాలి. పెళ్ళిలో వీడియోవాడు "సార్, తాళి ఇంకోసారి కట్టండి" అంటే పంతులుగారైనా విసుక్కుంటారు, ఇక్కడ ఆ దిక్కు కూడా లేదు.

1965లో ఏబీసీ ఛానల్ 'ది అమెరికన్ స్పోర్ట్స్‌మన్' మొదలుపెట్టినప్పుడు పేరున్న నటుల్నీ ఆటగాళ్ళనీ వెంటేసుకుని వేటకీ చేపలకీ వెళ్ళేవారు. మీ తాతల కాలంలో నయం, కనీసం ఒంటరితనం అమ్మలేదు.

ఇక గాలి సంగతి. సెప్టెంబరులో మగ ఎల్క్‌లు ఎద మీద ఉంటాయి, ఈల వేసినట్టు కూస్తూ కొండంతా తిరుగుతాయి. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక, బలిసిన మగది మూడొందల కిలోలు దాటుతుంది, కానీ అంత ఒళ్ళున్నా దాని నమ్మకమంతా ముక్కు మీదే. పొద్దున్నే చల్లగాలి వాలు మీంచి లోయలోకి దిగుతుంది, ఎండ ఎక్కేకొద్దీ అదే గాలి పైకి మళ్ళుతుంది, ఆ మళ్ళే వేళ ఎప్పుడో పసిగట్టడం నేర్చుకోడానికే వేటగాడికి ఏళ్ళు పడుతుంది. అంత విద్య నేర్చి, గాలికి ఎదురు నడిచి, పిల్లిలా అడుగులేస్తున్న ఆయన వెనక నువ్వూ, నీ వెనక లెన్సులు మోసే ఇంకో ఆయనా, అందరిదీ కలిపి రోజుల తరబడి స్నానం లేని చెమట కంపూ. ఎల్క్ పారిపోతుంది. అప్పుడు వ్యాఖ్యానం: ఈ రోజు అడవే గెలిచింది. అడవి ఏం గెలవలేదు నాయనా, యూనిట్ ఎక్కువైంది.

అసలు పెత్తనం మాత్రం ట్రిగ్గర్ దగ్గర చూపిస్తావు. జంతువు ఎదురుగా ఉంటుంది, రైఫిల్ సిద్ధంగా ఉంటుంది, వేటగాడు గుసగుసగా "దొరికిందా?" అంటాడు. "చెట్టు అడ్డం, ఆగు." ఆగుతాడు. "ఇంకాస్త కుడికి రానీ." దానికెవరు చెప్పాలి? మోంటానా చట్టం పొద్దుగుంకాక కూడా అరగంట వేటాడనిస్తుంది, కానీ నీకు చీకటి పడితే కళ్ళు కనబడవు కాబట్టి ఆ అరగంటలో ఎంత పెద్ద కొమ్ముల రాజా వచ్చినా తుపాకీ దించాల్సిందే. దీన్ని మీవాళ్ళు 'కెమెరా లైట్' అంటారు. ఇప్పటి కెమెరాలు కొంత మేలట. అయినా ఫోకస్ కుదరక ప్రాణాలతో బయటపడిన ఎల్క్‌ల పుణ్యమంతా నీ ఖాతాలోనే ఉందని ఒప్పుకుంటాను.

ఆ పుణ్యం స్పాన్సర్ దగ్గర చెల్లదు. కొలరాడోలో ఎల్క్ వేటకి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తచేతులతోనే తిరిగొస్తారు, నీ ముందు మాత్రం వారం వారం ఒకటి పడుతూనే ఉండాలి. పడకపోతే ఆ స్కోపూ ఆ బూట్లూ ఎందుకు కొనాలని జనం అడుగుతారు. ఈ టెన్షన్ భరించలేక కొందరు హోస్టులు లైసెన్సు లేకుండానో, వేటాడకూడని చోటో పేల్చేసి, అక్రమంగా వేటాడిన జంతువుల్ని రాష్ట్రం దాటించడం నేరమనే 1900 నాటి లేసీ చట్టం కింద ఫెడరల్ కోర్టుకెక్కారు. తమాషా ఏంటంటే ఆ నేరం కూడా నువ్వే తీశావు, మంచి యాంగిల్‌లో, లొకేషన్ తెలిసేలాగా, వాళ్ళు దాన్ని టీవీలో వేసుకున్నారు. వైల్డ్‌లైఫ్ అధికారులు కూడా టీవీ చూస్తారని ఎవరికీ తట్టలేదు కాబోలు.

నేను చూడాలనుకునేది తుపాకీ పేలాక జరిగే పని. తోలు తీయాలి, కాళ్ళు విడదీయాలి, ఎముకలు తీసేసినా ఒక్క ఎల్క్ నుంచి ఎనభై తొంభై కిలోల మాంసం వస్తుంది, దారి లేని చోట దాన్ని వీపు మీద విడతలు విడతలుగా మోయాలి, ఈలోగా రక్తం వాసనకి గ్రిజ్లీ ఎలుగుబంటి వస్తుందేమోనని చెట్ల వైపు చూస్తూ ఉండాలి. అలాస్కాలో అయితే తినదగ్గ మాంసం అడవిలో వదిలేసి కొమ్ములతో ఇంటికొస్తే నేరం. వేటంతా ఇక్కడే ఉందని వాళ్ళే అంటారు. నువ్వు దీనికి నలభై సెకన్లు ఇచ్చి, గిటార్ వాయించి, బ్రేక్‌కి వెళ్ళిపోతావు.

అందుకని ఒక విన్నపం. వచ్చే సీజన్‌లో ఒక్క ఎపిసోడ్ హీరో చేతికి నిన్నిచ్చి, కెమెరామన్‌ని ముందు నడవమను. తొడ మాంసం, ట్రైపాడ్ రెండూ ఒకేసారి మోస్తూ ఆయన ఆ కొండ ఎలా దిగుతాడో మేం చూస్తాం, వ్యాఖ్యానం అక్కర్లేదు, ఆయన ఆయాసం వినిపిస్తే చాలు.

ఇట్లు,
సోఫాలోంచి లేవని ఒక వేట ప్రేక్షకుడు

తా.క.: కెమెరామన్ అడ్వాన్స్ అడిగితే స్పాన్సర్‌నే అడగమను. ఆయన సంచి మీద లోగో లేదని వాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు.