జాబితా వచ్చాక షరతా?

పరీక్ష పెట్టారు, మార్కులు వేశారు, జాబితా గోడకు అంటించారు. పిల్లలు పేర్లు చూసుకుని ఇళ్లకు పరిగెత్తారు, తల్లులు ఇరుగుపొరుగు వాళ్ల నోట్లో పంచదార పోశారు. రెండు వారాలు తిరక్కుండానే అదే గోడ మీద ఇంకో కాగితం వెలిసింది. విద్యార్థుల మార్పిడి కింద విదేశీ ట్రిప్పుకు ఎంపికైన పిల్లల తల్లిదండ్రులు బ్యాంకు ఖాతాలో నిల్వ చూపించాలట. తర్వాత మన ఊరికి వచ్చే విదేశీ విద్యార్థికి ఏసీ ఉన్న వేరే గది, అటాచ్డ్ బాత్రూమ్ ఇవ్వగలమని స్టాంపు పేపరు మీద రాసివ్వాలట. ఇవ్వలేకపోతే ఆ సీటు 'తదుపరి అర్హులకు' వెళ్తుందట. ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాల్లో ఒక ఎయిడెడ్ బడి నిర్వాకం ఇది. పేరు రాయనక్కర్లేదు, బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇదే మాట. జాబితాలోంచి జారిపోయిన పేర్లు చాలావరకు తెలుగు మీడియం సెక్షన్‌వి కావడం కాకతాళీయమని బడి కమిటీ అంటోంది. నమ్మమంటారా?

పంక్తిలో కూర్చోబెట్టి, విస్తరి వేసి, వడ్డించే వేళకు లేవమన్నట్టుంది ఈ పని.

విమానం టికెట్లు, వీసాలు, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, బడి దగ్గర అంత డబ్బు లేదు, పరాయి దేశంలో పిల్లలకు ఏదైనా జరిగితే జవాబు చెప్పేదెవరు అన్నది కమిటీ వాదన. సరే, ఆ టెన్షన్ అబద్ధమని మేమనం. కానీ పరీక్ష పెట్టకముందు ఆ టెన్షన్ ఎక్కడికి పోయింది? షరతు ఉంటే నోటిఫికేషన్‌లోనే రాయాలి. రాయలేదు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లని, ఆ పరీక్షలో ఎక్కడా లేని ప్రశ్నతో ఫెయిల్ చేశారు.

మా గొడవంతా ఇక్కడే. ఇది ఒక ట్రిప్పుతో పోయేది కాదు. జాబితా వచ్చాక షరతు మార్చొచ్చని ఒకసారి ఒప్పుకుంటే, రేపు హాస్టల్ సీటుకు అదే చేస్తారు, ఎల్లుండి స్కాలర్‌షిప్పుకు చేస్తారు, ఆ తర్వాత స్పోర్ట్స్ టీముకు చేస్తారు. 'పోయినసారి ఆ ట్రిప్పుకి ఇలాగే చేశాం కదా' అనే ఒక్క మాట చాలు, ఫైలు కదిలిపోతుంది. మన ఆఫీసుల్లో పాత తప్పుకు రూలు కన్నా ఎక్కువ బలం ఉంటుందని ఏ గుమస్తాను అడిగినా చెబుతాడు.

ఇంకో సంగతి. ఈ జిల్లాల్లో తెలుగు సెక్షన్‌లో ఇంకా మిగిలి ఉన్నది ఎవరు? ఫీజు కట్టగలిగినవాళ్లు ఎప్పుడో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి మారిపోయారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని 1956 నుంచీ రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతూనే ఉంది, ఇక్కడ మాత్రం టీచర్లు లేక, పుస్తకాలు వేళకు రాక సెక్షన్లు చిక్కిపోతూనే ఉన్నాయి. అప్పడాలు చేసి అమ్మే ఇళ్ల పిల్లలు, మగ్గం మీద బతికే ఇళ్ల పిల్లలు, గోపాలపురం రేవు పక్క మత్స్యకారుల పిల్లలు మిగిలారు. అందుకే స్తోమత అనే జల్లెడ పట్టగానే తెలుగు సెక్షన్ దానంతటదే కింద రాలిపోతుంది. వివక్ష చూపించామని ఎవరూ ఒప్పుకోవాల్సిన పని కూడా ఉండదు. చేతికి మట్టి అంటకుండా పని జరిగిపోతుంది.

ఇక ఆ ఏసీ గది సంగతి. ప్రపంచంలో విద్యార్థుల మార్పిడి కార్యక్రమాలు నడిపేవాళ్లు మామూలుగా అడగని షరతు వీళ్లెక్కడ కనిపెట్టారో! అమెరికా వెళ్లే హైస్కూలు ఎక్స్ఛేంజ్ విద్యార్థుల విషయంలో అక్కడి ప్రభుత్వ నిబంధన అడిగేది విడిగా ఒక మంచం. గది వేరేగా ఉండాలని కూడా లేదు, ఆడపిల్లయితే ఇంకో ఆడపిల్లతో, మగపిల్లాడైతే ఇంకో మగపిల్లాడితో గది పంచుకోవచ్చు. అసలు ఈ కార్యక్రమాల పుట్టుకే డబ్బున్న ఇళ్లలో కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో అంబులెన్సులు నడిపిన వాలంటీర్లు, కళ్లారా చూసిన చావులు చాలనుకుని 1947లో పిల్లల్ని ఒక దేశం ఇళ్ల నుంచి ఇంకో దేశం ఇళ్లకు పంపడం మొదలుపెట్టారు, అదే ఇవాళ ఏఎఫ్ఎస్ అనే మార్పిడి సంస్థ. వాళ్లు కోరుకున్నది వేరే ఇంట్లో ఆ ఇంటి మనిషిలా కొన్నాళ్లు ఉండటం. హోటల్ గది లాంటి ఇల్లే కావాలంటే ఆ పిల్లాడు హోటల్లోనే దిగొచ్చు కదా, మన ఊరిదాకా ఎందుకు రావడం?

నిజానికి బయటినుంచి వచ్చే పిల్లాడికి ఎక్కువ నేర్పేది ఆ అప్పడాల ఇల్లే. పొద్దున్నే అమ్మ పిండి ఉండలు చేస్తుంటే పక్కన కూర్చుని, ఆమె తెలుగులో తిట్టి, ఒడియాలో బేరమాడి, హిందీలో ఫోన్ మాట్లాడటం వింటాడు. మూడు భాషల్లో బతికే ఇల్లు వాళ్ల దేశంలో ఎంతమందికి దొరుకుతుంది? సాయంత్రం పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కే చోటికి తీసుకెళ్లొచ్చు, సవర గిరిజనుల గోడ బొమ్మలు చూపించొచ్చు. ఇదంతా స్టాంపు పేపరు మీద రాయడానికి గడి లేదు, అందుకని లెక్కలోకి రాలేదు.

వెళ్లిన పిల్లలు ఏం తెచ్చుకుంటారు అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెబుతాం. జపాన్ బడుల్లో మధ్యాహ్నం పూట పిల్లలే తెల్ల ఏప్రాన్లు, టోపీలు పెట్టుకుని తోటి పిల్లలకు వడ్డిస్తారు. టీచరు కూడా అదే గదిలో కూర్చుని, అదే అన్నం తింటారు. ఆ తర్వాత చీపుర్లు, తడిగుడ్డలు తీసి తరగతి గది, వరండా, మెట్లు పిల్లలే తుడుస్తారు, అందరూ, వంతులవారీగా. మన బడిలో చీపురు ఏ పిల్లల చేతికి వస్తుందో, మధ్యాహ్న భోజనం దగ్గర టీచర్ల క్యారేజీలు ఏ గదిలో తెరుచుకుంటాయో మేము చెప్పాలా? పాఠ్యపుస్తకంలో సమానత్వం అని పది పేజీలు చదివించినా పట్టని సంగతి, అక్కడ ఒక్క మధ్యాహ్నం వడ్డన చూస్తే పిల్ల తలకెక్కుతుంది. తిరిగొచ్చాక ఆ పిల్ల 'మన దగ్గర ఇలా ఎందుకు లేదు' అని అడుగుతుంది. బహుశా కొందరు పెద్దలకు భయం ఆ ప్రశ్న గురించేనేమో.

డబ్బు లేకపోతే దారే లేదన్నది కూడా నిజం కాదు. జపాన్ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమంలో 2016 నుంచి మన దేశపు బడి పిల్లలు వెళ్తున్నారు, అందులో ఎంపిక ప్రతిభను బట్టి, ఖర్చు తల్లిదండ్రుల నెత్తిన పడదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల నుంచి 10 మంది పిల్లలు న్యూయార్క్ వెళ్లి ఐక్యరాజ్య సమితిని చూసొచ్చారు. దాన్ని ఏ పార్టీ ప్రచారానికి ఎంత వాడుకుంది అనేది వేరే చర్చ. ఇచ్ఛాపురం అవతల సర్కారు బడి పిల్లకు దొరికింది ఇవతల తెలుగు పిల్లకు అందకుండా పోవడానికి కారణం దూరం కాదు, పెద్దల మనసు.

టీచర్ల సంగతి ఇంకా సిగ్గుచేటు. ఈ ట్రిప్పులో టీచర్ల పేరుతో ఉన్న సీట్లలో చాక్‌పీసు పట్టని ఆఫీసు మనిషి ఒకరు, కమిటీకి దగ్గరి మనిషి ఒకరు దూరారని విన్నాం. మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, ఒకరికి ఎక్కాలు, ఒకరికి పద్యం, ఒకరికి మ్యాపు పాయింటింగు ఇచ్చి గొంతు పోగొట్టుకుంటున్న తెలుగు సెక్షన్ టీచరమ్మకు మాత్రం 'సబ్‌స్టిట్యూట్ లేరు' అన్నారట. ఆమె వెళ్తే బడి ఆగిపోతుందంటే ఆమె ఎంత ముఖ్యమైన మనిషో వాళ్లే చెప్పినట్టు, మరి ఆమెను కాకుండా ఇంకెవర్ని పంపుతారు?

సర్వీసంతా ఒక టీచరు తరగతిలో వెనక బెంచీ మీద కూర్చునే పెద్దమనిషి ఇన్‌స్పెక్షన్ అధికారి ఒక్కడే, అదీ రిజిస్టర్లు చూడటానికి. ఇంకో టీచరు పాఠం ఎలా చెబుతున్నారో కూర్చుని చూసే అవకాశం మన టీచర్లకు ట్రైనింగు తర్వాత మళ్లీ రాదు. అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ వాళ్ల హైస్కూలు టీచర్ల కార్యక్రమంలో ఆరు వారాలు యూనివర్సిటీలో శిక్షణతో పాటు అక్కడి బడిలో అక్కడి టీచరుతో కలిసి పనిచేయిస్తారు. 2023 జనవరిలో ఢిల్లీ టీచర్లను ఫిన్లాండ్ పంపే ఫైలు మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా, ఖర్చుకు తగ్గ లాభం ఉందా అని అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు అడిగారు. లాభం లెక్కలు తేలేది టీచరు తిరిగొచ్చి మొదటి పీరియడ్‌లో పిల్లల్ని ఎలా కూర్చోబెడతారో, ఎవర్ని మాట్లాడనిస్తారో అక్కడ. టీచరు కాని మనిషిని పంపితే ఆ లెక్క సున్నా, ఇందులో కమిషన్ వేయాల్సినంత చిక్కేం లేదు.

బయటి కన్ను బడిలో పడితే ఏం జరుగుతుందో ఈ గడ్డకు ఎవరూ చెప్పక్కర్లేదు. వందేళ్లు దాటింది, యేట్స్ అనే ఇంగ్లిష్ ఇన్‌స్పెక్టరు ఉత్తర జిల్లాల బడులు తిరుగుతూ, జనం మాట్లాడే తెలుగు ఒకటైతే బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందని అడిగాడు. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు ఆ ప్రశ్నను వదల్లేదు. సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాసిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న బరువు ఆయనకు వెంటనే తెలిసింది. ఇవాళ మేము ఈ సంపాదకీయాన్ని గ్రాంథికంలో రాయడం లేదంటే ఆ పట్టుదల చలవే.

బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరుండి చూసి, 1916లో అక్కడి నుంచి వెనక్కి రావాల్సి వచ్చి, ఇక్కడ రైల్వే కార్మికుల మధ్య పనిచేసి చివరికి రాష్ట్రపతి అయ్యారు. ఏటా జయంతికి దండ వేసి ఆ సంగతి చెప్పని వక్త ఈ ఊళ్లో ఉండడు. తండ్రి పేరున్న ప్లీడరు కాబట్టి పంపగలిగాడని ఎవరైనా అనొచ్చు. మేమూ అదే అంటున్నాం. ప్లీడరు కొడుకు మాత్రమే ఓడ ఎక్కగలిగిన కాలం 1913. ఇప్పుడు బ్యాంకు బుక్కు తెమ్మంటున్న పెద్దలు మమ్మల్ని అక్కడికే తీసుకెళ్తున్నారు, దండ మాత్రం వాళ్లే వేస్తారు.

ఈ జిల్లాల పేదవాళ్లకు విదేశం కొత్తా? గోపాలపురం రేవు నుంచి ఓడెక్కి 'రంగం' (బర్మాలోని రంగూన్) వెళ్లి కూలి చేసుకొచ్చిన తాతలు మనవాళ్లే. ఇప్పుడు గల్ఫ్‌లో వెల్డింగు చేస్తున్న తండ్రులు మనవాళ్లే. వాళ్ల పాస్‌పోర్టు మీద ముద్రలు పడటానికి ఎవరూ ఏసీ గది ఉందా అని అడగలేదు. చెమట అమ్ముకోవడానికి వెళ్తే అర్హత, చదువుకుని రావడానికి వెళ్తే స్తోమత! అంతదాకా ఎందుకు, 1963 నుంచీ గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్లు ఉంటున్నారు, వాళ్ల పిల్లలతో మన పిల్లల్ని ఒక్క వారం కలిపి కూర్చోబెట్టిన బడి ఎన్ని ఉన్నాయో కమిటీ పెద్దలు చెబితే వింటాం.

బడి నిజంగా సాయం చేయాలనుకుంటే చేయాల్సిన పని వేరే ఉంది. తెలుగు పిల్లలకు బడి రిజిస్టర్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది, జనన ధ్రువీకరణ పత్రంలో చాలామందికి అసలుండదు. మూడు కాగితాల్లో మూడు పేర్లు. పాస్‌పోర్టు ఆఫీసు వెనక్కి పంపితే పని మానుకుని తిరిగేది ఆ తండ్రే. హెడ్మాస్టరు ఒక పూట కూర్చుని రిజిస్టర్ సరిచేసి, సర్టిఫికెట్ రాసిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. దానికి టైము లేదట, స్టాంపు పేపరు నమూనా టైపు చేయించడానికి మాత్రం టైము దొరికింది.

మొదటి జాబితాను మార్కులతో సహా మళ్లీ అదే గోడకు అంటించండి. టీచర్ల సీట్లలో టీచర్లను పెట్టండి. డబ్బు చాలకపోతే ఆఫీసు మనుషుల టికెట్లు రద్దు చేసి చూడండి, అప్పటికీ చాలకపోతే ఊరిని అడగండి. ఆ రెండో కాగితం ఏ మీటింగులో ఖరారైంది, ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు, మినిట్స్ బుక్కు తెచ్చి తల్లిదండ్రుల ముందు పెట్టండి. అలాంటి మీటింగే జరగలేదని మాతో చెప్పినవాళ్లు బయటివాళ్లు కారు, మీ కమిటీలో మీ పక్క కుర్చీలోనే కూర్చుంటున్నారు.