పానగల్లులో చెరువూ గుడీ వేర్వేరు పాఠాలు కావు

పీజీ కోర్సుల మీద వచ్చిన ఒక వ్యాసంలో, పర్యావరణం చదివేవాళ్లు చెరువుకు, వారసత్వం చదివేవాళ్లు గుడికి వెళ్తే చాలని రాశారు. నల్లగొండ పక్కనున్న పానగల్లులో ఆ విభజన కుదరదు. అక్కడి ఉదయసముద్రం చెరువు, ఛాయా సోమేశ్వరాలయం రెండూ ఆ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల కాలానివే.

పాత రాతి గుడికి రావి మొలక పెద్ద శత్రువు. పిట్ట రెట్టతో పడ్డ గింజ రాళ్ల సందులో మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. వేలంత లావయ్యాక మాత్రం పీకొద్దు, వేరుతోపాటు రాయీ కదులుతుంది. మొదలు దగ్గర కోసి, కోత ఆరకముందే కలుపుమందు పూసి, వేరు పూర్తిగా ఎండాక సందును సున్నపు గచ్చుతో పూడ్చాలి. సిమెంటు కొడితే లోపలి తడికి దారి మూసుకుపోతుంది, రాతి మీద ఉప్పు తెల్లగా తేలి పెచ్చులూడతాయి. ఇది చరిత్ర ప్రశ్నా, కెమిస్ట్రీ ప్రశ్నా? రెండూ.

శాసనం నకలు తీయడం కూడా చేత్తో నేర్వాల్సిందే. రాయిని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టాలి. కాగితం సగం ఆరాక సిరా మెత్తతో తేలిగ్గా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా పాకి అక్షరం మునుగుతుంది, ఆరకముందే లాగితే చిరుగుతుంది. కాగితం వెనకాల ఊరు, దిక్కు, తేదీ అక్కడే రాసుకోవాలి. దయచేసి అక్షరాల్లో సుద్ద, పిండి రుద్దొద్దు.

పీజీలో చేరేముందు సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ ఎన్ని రోజులుందో అడగండి.